సగం పొట్లంతో పాలకొల్లు ప్రయాణం

క్లోరిన్ పరీక్షకు వాడే పొడి పొట్లాన్ని సగానికి పంచి రెండు పరీక్షలు చేయవచ్చని గోదావరి జిల్లాల్లో మొదట కనిపెట్టింది నేనే. ఇంకెవరైనా ఆ ఘనత తమదంటే సంతోషంగా వదిలేస్తాను, రాసిస్తాను కూడా. ఆ ఉదయం అయిదున్నరకు రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌లో నిలబడ్డప్పుడు మాత్రం నాకంటే తెలివైన మనిషి ఆ ప్లాట్‌ఫారం మీద లేదనే అనుకున్నాను.

నేనొక ప్రైవేటు ల్యాబ్ తరఫున ఊళ్లు తిరిగి నీళ్లు పరీక్షిస్తాను. తాగే నీళ్లలో క్రిములు చావడానికి చాలినంత క్లోరిన్ ఉందా, శుద్ధి చేసి కాలువలోకి వదిలే వాడిన నీళ్లలో చేపలు చచ్చేంత క్లోరిన్ మిగిలిపోలేదు కదా, ఇవే నేను చూడాల్సినవి. వేలెడంత గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఒక పొట్లం పొడి వేసి ఊపితే గులాబి రంగు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే క్లోరిన్ అంత ఎక్కువ. పొట్లం ఇరవై ఎనిమిది రూపాయలు. పొట్లాలూ దారి ఖర్చులూ ల్యాబ్ నాకిచ్చే డబ్బుల్లోంచే పెట్టుకోవాలి. పచారీ కొట్లో పుట్టి పెరిగినదాన్ని. ఇంగువ డబ్బా విప్పి చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టిన చేతులివి. చేతిలో ఏ పొట్లం కనబడ్డా ఇది రెండవుతుందా మూడవుతుందా అని బుర్ర దానంతటదే చూస్తుంది.

అయిదూ నలభైకి బస్సు కదిలింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాను. అంతకుమించి బేరమాడలేకపోయినందుకు కాస్త వెలితిగా అనిపించింది. మీరెవరైనా ఈ దారిన పొద్దున్నే వెళ్తే ఎడమవైపు కిటికీ పట్టుకోకండి, పొద్దెక్కేకొద్దీ ఎండ అటే కొడుతుంది. నేను వెళ్లేటప్పుడు తప్పు వైపే కూర్చున్నాను. సీట్లో కుదురుగా ఉండలేకపోయాను. సంచి తీసి గాజు గొట్టాలు లెక్కపెట్టడం, మళ్లీ కట్టడం, అయిదు నిమిషాలకోసారి ఫోన్లో టైము చూడడం.

రావులపాలెంలో ఒకావిడ పూతరేకుల పెట్టెలతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆత్రేయపురం నుంచి తెచ్చి పాలకొల్లు షాపులకు వేస్తుందట. పెట్టె ఎంతని అడగకుండా ఉండలేకపోయాను.

“కొంటారా, ఊరికే అడుగుతున్నారా?” అంది.

“ధర నచ్చితే కొంటానండి.”

“మీ మొహం చూస్తే నచ్చేలా లేదండి,” అని నవ్వేసింది. తర్వాత నా సంచిలోకి తొంగిచూసి, నీళ్ల పరీక్ష అని తెలుసుకుని, “మా ఊళ్లో కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసనొస్తే ఎవరూ తాగరండి. వాసన రాకపోతే అసలు మందే కలపలేదని తిడతారు. ఆ నీళ్లు వదిలేవాడు ఎలా బతుకుతున్నాడో పాపం,” అంది.

ఎనిమిదీ ఇరవైకి పాలకొల్లులో దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ నలభై, కాఫీ పదిహేను. చట్నీ రెండోసారి వేయించుకున్నాను. ఆటో నూట యాభై అన్నాడు, వందకు ఒప్పించాను. ఒప్పించడానికి పట్టిన పది నిమిషాల్లో సగం దూరం నడిచి వెళ్లిపోయేదాన్ని.

తొమ్మిదింపావుకు రొయ్యల షెడ్డు చేరాను. రొయ్యలు కడిగిన నీళ్లను తొట్టెల్లో శుద్ధి చేసి, చివర క్లోరిన్ ద్రావణం కలిపి, రోజూ ఒంటిగంటకు పక్కనున్న మురుగు కాలువలోకి వదులుతారు. లీటరుకు అర మిల్లీగ్రాముకు మించి క్లోరిన్ పోకూడదు, అసలు లేకుండానూ పోకూడదు. ఆ తొట్టెల మనిషి సత్తిబాబు. ముప్పై ఏళ్లుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకో నెలలో పర్మనెంటు చేస్తామన్నారట.

“ఈసారి మీ కాగితం బాగుంటే నా పని అయిపోయినట్టేనండి. ఆయ్, కాస్త మంచిగా చూడండి మేడమ్ గారూ,” అన్నాడు.

చివరి తొట్టెలోంచి సీసా నింపాను. సగం పొట్లం గొట్టంలో వేశాను, మిగతా సగం మడిచి రబ్బరు బ్యాండు చుట్టాను. గొట్టంలో ఒక్క క్షణం గులాబి మెరిసి మాయమైంది. ఆ రోజు నేను కట్టుకున్నది గులాబి చీరే, దాని నీడ పడిందనుకున్నాను. నీళ్లు తేటగా ఉన్నాయి. క్లోరిన్ వాసన వస్తుందేమో చూద్దామంటే అక్కడ రొయ్య పొట్టు వాసన ముందు ఇంకే వాసనా నిలబడదు.

“సున్నా,” అన్నాను.

సత్తిబాబు మొహం వాడిపోయింది. “రెండు మగ్గులు పోశానండి. రోజూ పోసేదేనండి!”

“ఇంకో రెండు పొయ్యి.” కాగితం మీద ‘క్లోరిన్ లేదు, మోతాదు పెంచాలి’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. సీసాలో మిగిలిన నీళ్లు పారబోయకుండా మూత బిగించి సంచిలో వేసుకున్నాను. దేన్నీ పారబోయకపోవడం మా ఇంటి అలవాటు.

బయటికొస్తుంటే కాలువ దిగువన ఒక పెద్దాయన మోటారు గొట్టానికి వలగుడ్డ కడుతున్నారు. పేరు అబ్బులు గారు. గట్టు అవతల ఆయన చెరువులో వేలెడేసి కట్ల, రోహు చేప పిల్లలున్నాయి. చెరువులో నీళ్లు తగ్గాయట, కాలువలోంచి తోడుకోవాలట. “రెండింటికి కరెంటిస్తారు. ఇవ్వగానే మోటారేస్తానమ్మా,” అన్నారు. మంచిదండి అని చెప్పి షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు.

తర్వాత పని చర్చి వెనక పేటలో, తాగే నీళ్లు. ట్యాంకు దగ్గరా, ఆఖరి కుళాయి దగ్గరా చూడాలి. ఆఖరి కుళాయి సుగుణ టీచర్ గారి వాకిట్లో ఉంది. ఆవిడ ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఆ రోజు సెలవు. పేటలో ఇద్దరు పిల్లలకు విరేచనాలయ్యాయని ల్యాబ్‌కు ఫోన్ చేసి నన్ను పిలిపించింది ఆవిడే. పన్నెండింటికి వెళ్లాను. దారిలో ట్యాంకు గేటుకు తాళం, తాళం మనిషి భోజనానికి పోయాడు. ముందు ఆఖరి కుళాయి కానిద్దామని మడిచి ఉంచిన సగం పొట్లం విప్పాను.

“ఏంటండీ, అంత పొదుపుగా మడిచారు? తాయెత్తా?” అంది ఆవిడ.

“సగం చాలండి.”

“పొట్లం మీద పది మిల్లీలీటర్లకు ఒకటి అని రాసుంది కదండీ. మా పిల్లలు సగం లెక్క చేసి మొత్తం మార్కులు అడుగుతారు, అచ్చం మీలాగే.”

లేత గులాబి వచ్చింది. అది సగం పొడి రంగా, మొత్తం రంగా అని నాకే తెలియలేదు. సిగ్గేసి, ఇంకో గొట్టం కోసం సంచి వెతుకుతూ షెడ్డు సీసా బయట పెట్టాను. మూత వదులైనట్టుంది. టీచర్ గారు ముక్కు మూసుకుంది.

“ఇదేంటండీ, బ్లీచింగ్ పౌడరా?”

“రొయ్యల షెడ్డు నీళ్లండి. అందులో క్లోరిన్ లేదు, పరీక్ష చేశాను.”

“లేకపోతే ఈ వాసనెక్కడిది?”

షెడ్డు నీళ్లు గొట్టంలో పోసి ఈసారి మొత్తం పొట్లం వేశాను. గులాబి భగ్గుమని వచ్చి, నేను చూస్తుండగానే తెల్లబోయింది. నా చీర ఈసారి నీడ వేయలేదు, నేను ఎండకు ఎదురుగా ఉన్నాను. క్లోరిన్ మరీ ఎక్కువైతే తాను తెప్పించిన రంగును తానే చెరిపేస్తుందని శిక్షణలో చెప్పారు. పొడి తక్కువైతే ఇంకా త్వరగా చెరిపేస్తుందనీ చెప్పారు. అది చెప్పిన పూట నేను మధ్యాహ్నం భోజనం టోకెను గురించి వాదిస్తున్నాను.

టీచర్ గారి బోరు నీళ్లు పట్టి, వాటిలో క్లోరిన్ లేదని ఒక పొట్లంతో చూసుకుని, ఒక వంతు షెడ్డు నీళ్లకు తొమ్మిది వంతులు బోరు నీళ్లు కలిపాను. ఇంకో పొట్లం. రంగు నిలిచింది. నా పరీక్ష పెట్టెలోని రంగుల గాజుతో పోల్చి పదితో గుణిస్తే ఆరు మిల్లీగ్రాములు. ఉండాల్సింది అర. దాని మీద ఇంకో రెండు మగ్గులు పోయమని సంతకం పెట్టి వచ్చాను.

టైము పన్నెండూ యాభై. సత్తిబాబుకు ఫోన్ చేశాను. షెడ్డులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, ఎవరూ ఎత్తలేదు. అబ్బులు గారి నంబరు లేదు. టీచర్ గారు వీధిలోకి పరుగెత్తి ఒక ఆటోను ఆపింది.

“షెడ్డుకా? నాలుగొందలండి,” అన్నాడు ఆటో అతను.

ఎక్కేశాను. అతనే ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగి చూశాడు, తక్కువ అడిగానా అన్నట్టు.

రైలు గేటు పడింది. గేటు ముందు ధాన్యం లారీ, దాని వెనక మేము. దిగి నడుద్దామా అనుకున్నాను, మూడు కిలోమీటర్లు. మళ్లీ ఎక్కాను. మళ్లీ దిగాను. “కూర్చోండమ్మా, మీరు దిగితే రైలు ముందొస్తుందా?” అన్నాడు ఆటో అతను. రైలు వెళ్లింది. లారీ స్టార్టవలేదు. పక్కనుంచి దూరి బయటపడేసరికి ఒంటిగంటా ముప్పావు. గుంతల దారి పట్టి షెడ్డు చేరేసరికి రెండూ పది.

తొట్టెలు ఖాళీ అయిపోయాయి. గట్టు అవతల మోటారు చప్పుడు వినబడుతోంది.

“ఆపండి! అబ్బులు గారూ, మోటారు ఆపండి!” అని అరుచుకుంటూ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద పరుగెత్తాను. ఆయన ఆపారు. గొట్టం మూతి దగ్గర చిన్న చిన్న తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. ఇంకొన్ని పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ముక్కుతో గాలి పీల్చి, “క్లోరినా? హైపో చల్లాలి,” అన్నారు. హైపో అంటే క్లోరిన్‌ను విరిచే మందు. ఇక్కడి చెరువుల వాళ్లందరికీ అది వంటింట్లో ఉప్పులాంటిది. మలుపులో మందుల షాపుంది. సత్తిబాబు బైకు తీశాడు. పది కిలోలు, కిలో ఎనభై. షాపాయన ధర చెప్పడం పూర్తి కాకుండానే డబ్బులు కౌంటరు మీద పెట్టాను.

గొట్టం వైపంతా చల్లి, నీళ్లు పట్టి, మొత్తం పొట్లంతో చూశాను. రంగు రాలేదు. ఈసారి ఆ తేటదనాన్నీ నమ్మలేక, ఇంకో గొట్టంలో సంచిలో మిగిలిన టీచర్ గారి బోరు నీళ్లు కలిపి రెండో పొట్లం వేశాను. అప్పుడూ రాలేదు. పైకొచ్చిన పిల్లలు ఒక్కొక్కటీ కిందికి దిగాయి.

అప్పటికి షెడ్డు మేనేజరు వచ్చారు. ఉదయం సత్తిబాబుకిచ్చిన నా కాగితం ఆయన జేబులోంచి కనబడుతోంది, చదివినట్టు లేదు. సత్తిబాబు మీద విరుచుకుపడ్డారు.

“నాలుగు మగ్గులు పోశావా? నీకు బుద్ధుందా? రేపట్నుంచి రానక్కర్లేదు.”

సత్తిబాబు నా వైపు చూడలేదు. మేడమ్ చెప్పారండి అనలేదు. ఎందుకనలేదో తర్వాత అడిగితే, “మీరు ల్యాబ్ నుంచొచ్చారు కదండీ. నా మాట నిలుస్తుందేంటండి?” అన్నాడు.

ఎదుటివాడు తప్పు తన మీద వేసుకుంటే నోరు మెదపకుండా డబ్బులు గల్లాలో వేసుకోవడం కొట్లో నేర్చిన విద్య. ఆ క్షణం నోరు మెదపకుండా ఉండడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు.

“మీ జేబులో కాగితం తీయండి,” అన్నాను. “పొయ్యమని రాసింది నేను. పొట్లం ఖర్చు మిగుల్చుకోవడానికి సగమే వేశాను. అందుకే సున్నా వచ్చింది. ఇతను నేను రాసినట్టే చేశాడు.”

“సగం వేశారా?” అన్నారాయన. నమ్మలేక కాదు, లెక్కేసుకుంటూ.

వాళ్ల రిజిస్టరు తెప్పించి అదే మాట రాశాను, ఉదయం రోజూ పోసే రెండు మగ్గులే ఎక్కువని కూడా రాసి, మోతాదు అర మగ్గుకు తగ్గించి మళ్లీ చూడాలని రాసి, సంతకం పెట్టాను. ల్యాబ్‌కు వాళ్ల ఎదుటే ఫోన్ చేసి చెప్పాను. ల్యాబ్ వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయను. మేనేజరు రిజిస్టరు మూసి, “వెళ్లి తొట్టెలు కడుగు,” అని సత్తిబాబుతో అన్నారు. అంటే రేపు రమ్మని.

చచ్చిన పిల్లల్ని అబ్బులు గారు బుట్టతో గట్టు మీదికి తీశారు. “రెండొందలుంటాయమ్మా. పిల్ల అయిదు రూపాయలు పడింది నాకు. వెయ్యి ఇవ్వు, చాలు.”

“లెక్కపెడదామండి.”

“నామీద నమ్మకం లేదా?”

లెక్కపెట్టాను. రెండొందల డెబ్బై. ధర పెంచడానికి నేను కూర్చుని లెక్కపెట్టడం అదే మొదటిసారి. ఆయన నా మొహం వైపు చూసి, “వ్యాపారం చేసే పిల్లవి కాదనుకుంటా,” అన్నారు. నేనెప్పుడూ అంత అవమానపడలేదు, అంత సంతోషపడనూ లేదు.

నాలుగింటికి సత్తిబాబు బైకు మీద పేటలో దించాడు. ట్యాంకు దగ్గర రెండుసార్లు, టీచర్ గారి కుళాయి దగ్గర రెండుసార్లు, ప్రతిసారీ మొత్తం పొట్లం. ట్యాంకులో సరిపడా ఉంది. ఆఖరి కుళాయిలో ఉండాల్సినదాంట్లో సగమే ఉంది. దారిలో ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తోందని రాసిచ్చాను. “ఇది నమ్మొచ్చా?” అంది టీచర్ గారు. నమ్మొచ్చండి అన్నాను. అయినా ఆవిడ గొట్టం చేతికి తీసుకుని వెలుతురులో పెట్టి తనే చూసుకుంది. పంచాయతీ ఆఫీసుకు అప్పుడే బయల్దేరింది.

షేర్ ఆటోలో బస్టాండుకొస్తే అయిదున్నర బస్సు దొరికింది. సిద్ధాంతం వంతెన మీద గోదావరి గాలి తగిలింది. అంతవరకూ నా కాళ్లు బస్సు కంటే ముందు పరుగెడుతూనే ఉన్నాయి. ఈ దారిన ఎవరైనా నీళ్లు చూడడానికి వెళ్తే నాకు తెలిసింది ఇంతే. తేటగా కనబడ్డ నీళ్లను ఒకసారి కలిపి, ఇంకోసారి చూడండి. మనిషికి ముక్కు కూడా ఉందని మర్చిపోకండి. చిల్లర ఎక్కువ పెట్టుకోండి. వంతెన దాటాక టికెట్టు వెనక లెక్క రాశాను:

బస్సు, రానూ పోనూ: సున్నా. టిఫిను: యాభై అయిదు. ఉదయం ఆటో: వంద. షేర్ ఆటోలు: నలభై. గేటు పడ్డ ఆటో: నాలుగొందలు. హైపో: ఎనిమిదొందలు. చేప పిల్లలు: పదమూడొందల యాభై. పొట్లాలు, వాడినవన్నీ కలిపి పది: రెండొందల ఎనభై. మొత్తం మూడు వేల ఇరవై అయిదు.

రాబడి: పేట పరీక్షలకు తొమ్మిదొందలు. షెడ్డుది అడగలేదు. సత్తిబాబు ఉద్యోగం ఇందులో రాయలేదు, అది పోలేదు కనుక. నా చేతి నుంచి పోయింది రెండు వేల నూట ఇరవై అయిదు.