పెళ్లాం వదిలేసిన ఎవారిస్తో

బొయెదో పేటలో పెళ్లాలు వదిలేసిన మగవాళ్లు చాలామందే ఉండేవారు గానీ, ఒకే పెళ్లాం చేత నెలనెలా వదిలేయించుకునే ఘనుడు మాత్రం టోపీల కొట్టు ఎవారిస్తో ఒక్కడే.

భార్య జులేమా అలిగి, నది అవతల ఉన్న అక్కగారింటికి వెళ్లిన సాయంత్రమే అతను రుఫీనో కాఫీ హోటల్లో ప్రత్యక్షమయ్యేవాడు. గిటారు శ్రుతి కుదిరేలోపే కళ్లు తుడుచుకుని టాంగో పాట ఎత్తుకునేవాడు. ఆవిడ వెళ్లిపోయింది, గది బావురుమంటోంది, పొయ్యి చల్లారిపోయింది. చరణానికీ చరణానికీ మధ్య, ఆ చల్లారిన పొయ్యి మీద జులేమా వండిపెట్టి వెళ్లిన మాంసం పులుసు గిన్నెలోంచి లాగించేవాడు.

"వదిలేసి పోయే మనిషి వండిపెట్టి పోతుందా?" అని రుఫీనో ఓసారి అడిగాడు.

"అదేరా నా బాధ. ముద్ద ముద్దకీ గుర్తొస్తుంది."

ఇంకోసారి రుఫీనోకి ట్రాము దగ్గర కనిపించాడు. భార్య పెట్టె ఇతని చేతిలో ఉంది.

"నిన్ను వదిలేసి పోతున్నావిడ పెట్టె నువ్వు మోస్తున్నావా?"

"బరువుగా ఉంది కదరా" అన్నాడు ఎవారిస్తో, చాలా దిగులుగా.

ఆ ఏడుపు పాటలు వినీవినీ రుఫీనోకి నిజంగానే గుండె కరిగింది. కాపురం నిలబెట్టి తీరాలని ఒక ఆదివారం మంచి కోటు వేసుకుని, నది అవతల అవెయ్యనేదాలోని ఆ అక్కగారింటికి బయలుదేరాడు.

తలుపు తీసింది జులేమా. అతన్ని చూడగానే వాకిట్లోకి లాక్కొచ్చి గొంతు తగ్గించింది.

"నీకు పుణ్యముంటుంది రుఫీనో, ఆయన మంచివాడని మాత్రం అక్కతో అనకు. బావ పోయాక అక్క తిండి మానేసింది. చూడ్డానికి ఎవరెళ్లినా, 'నా మీద జాలి చూపించొద్దు' అని తరిమేసేది. 'మీ అక్క జాలి పుచ్చుకోదు గానీ జాలి పడుతుంది, నన్నో దుర్మార్గుణ్ణి చేసి నువ్వెళ్లి అక్కడ ఏడువు' అన్నాడు మా ఆయన. నాకు పెట్టాలని వండుతోంది. వండింది కాబట్టి తింటోంది."

లోపల అక్క ఎర్మీనియా గరిటె పట్టుకుని, మరిదిని తిట్టే హుషారులో నిలబడి ఉంది.

"నువ్వు వాడి స్నేహితుడివటగా. నిజం చెప్పు నాయనా, వాడెలాంటివాడు?"

తాను ఎరిగిన మనుషుల్లో అంత మంచివాడు లేడని రుఫీనోకి అప్పుడే తెలిసింది.

"తాగుబోతమ్మా" అన్నాడు. ఎవారిస్తో పాలు కలపని కాఫీ కూడా ఘాటని తాగేవాడు కాదు.

"నాకు తెలుసు. జులేమా, ఇంకో వారం దాకా కదిలావంటే కాళ్లు విరగ్గొడతా. ఇలా కూర్చో నాయనా, తిని వెళ్లు."

సాయంత్రం హోటల్లో ఎవారిస్తో బెదురుగా అడిగాడు. "వెళ్లావటగా. నా గురించి ఏం చెప్పావు?"

"తాగుబోతువన్నాను."

"అంతేనా? జూదం కూడా ఉందనాల్సింది. జులేమాని పండగ దాకా ఉంచుకునేది." మళ్లీ తనే, "వదినగారు తిన్నారా?" అన్నాడు.

"నాకంటే ఎక్కువ."

గిటారు మొదలైంది. ఎవారిస్తో లేచి పొయ్యి చల్లారిపోయిందని ఎత్తుకున్నాడు గానీ, ఆ పూట ఎంత గింజుకున్నా గొంతులో ఏడుపు పలకలేదు. పక్కబల్ల ముసలాయన విసుక్కున్నాడు.

"ఇదేం పాటయ్యా? పెళ్లాం తిరిగొచ్చినట్టుంది."

"లేదు తాతా" అన్నాడు రుఫీనో, ఎవారిస్తో కాఫీలో ఇంకాసిని పాలు పోస్తూ. "ఇంకో వారం దాకా రాదు."