మోపెడ్ బొమ్మ టీషర్టు

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే ఒక పెద్దాయన నన్ను కాసేపు చూసి, దగ్గరికొచ్చి, "ఏ ఏజెన్సీ బిడ్డా మీది? బుక్ చేసి పదిహేను దినాలాయె, గ్యాస్ బండ ఇంకా రాకపాయె" అన్నాడు.

తప్పు ఆయనది కాదు, నా టీషర్టుది. నల్ల గుడ్డ మీద తెల్ల బొమ్మ. ఒక మనిషి మోపెడ్ నడుపుతుంటాడు, వెనక డ్రమ్ము తాళ్లతో కట్టి ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే డ్రమ్మే. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే మాత్రం గ్యాస్ సిలిండర్.

"ఏజెన్సీ కాదు తాతా, ఇది పాటలోళ్లది" అన్నాను.

"పాటలోళ్లకు సిలిండర్ ఎందుకు?"

ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. అప్పటికి ఇరవై రోజులుగా రోజూ అదే టీషర్టు. రాత్రి ఉతికి ఫ్యాన్ కింద ఆరేయడం, పొద్దున్నే తొడుక్కోవడం. "నీకు వేరే బట్టల్లేవా? ఇంటోళ్లం ఏం కొనిస్తలేమనుకుంటరు నలుగురు" అని మా అమ్మ రోజూ గొడవ. ఎందుకు వేసుకుంటున్నానో అమ్మకి చెప్పలేదు. చెప్పే మొహం లేదు.

మా నాచారంలో నలుగురు అబ్బాయిల బ్యాండ్ ఉండేది. పేరున్నవాళ్లేం కాదు. పిండి గిర్ని పైన రేకుల గదిలో ప్రాక్టీసు చేసేవాళ్లు. కింద గిర్ని తిరిగినంతసేపూ వాళ్ల పాట ఎవరికీ వినపడేది కాదు. కరెంటు పోతే గిర్ని ఆగేది. గిటారుకీ డ్రమ్ముకీ నోటికీ కరెంటుతో పనేముంది, అప్పుడు వాళ్ల పాట గల్లీ అంతా వినిపించేది. ఊరంతా కరెంటు పోయిందని తిడుతుంటే నేను మాత్రం సంబరంగా గడప మీద కూర్చునేదాన్ని. సినిమా పాటలు కాదు, వాళ్లే రాసుకున్నవి. బస్సులో సీటు దొరకనిదాని మీద ఒకటి, నల్లా నీళ్ల మీద ఒకటి. నాకు అన్నీ నోటికొచ్చేవి.

నేను ఇంటర్ మధ్యలో ఆపేసి మెయిన్ రోడ్డు మీద సెల్‌ఫోన్ల షాపులో చేరాను. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం నా పని. కస్టమర్ కార్డు ఇస్తాడు. రీడర్‌లో పెట్టాలి, ఉన్నదంతా తుడిచేయాలా అని కంప్యూటర్ అడిగితే ఎస్ నొక్కి ఫార్మాట్ కొట్టాలి, కొత్త సినిమాల ఫోల్డర్ పడేయాలి, తీసి ఇచ్చేయాలి. రోజుకు నలభై యాభై కార్డులు. నిద్రలో కూడా నా వేలు ఎస్ నొక్కుతూ ఉండేదనుకుంటా.

ఒక ఆదివారం బ్యాండ్ వాళ్లు ముప్పై టీషర్టులు ప్రింటు వేయించి, ఆ గదిలో వచ్చినవాళ్లకి వచ్చినట్టు పంచారు. నాకు పాట పాడే అబ్బాయే ఇచ్చాడు. "నువ్వే గదా కార్డులెక్కించే అక్కవు. మావి గూడ ఎక్కియ్యరాదె" అన్నాడు. అక్కా అంటే నేను కరిగిపోతాను. ఇంట్లో నన్నలా పిలిచేవాళ్లెవరూ లేరు. వాళ్ల పాటలు షాపు కంప్యూటర్‌లో వేసి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఎక్కించాను, వైరస్ వచ్చి మా సేటు కంప్యూటర్ మొత్తం తుడిపించేదాకా.

మూడు నెలలకు ఆ అబ్బాయి రింగ్‌రోడ్డు దగ్గర బండి మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు.

ఇంకో రెండు నెలలు పోయాక, ఒక శనివారం సాయంత్రం రోడ్డు మీద వెళ్తున్న ఒకామె మా షాపు ముందు ఆగిపోయింది. నా టీషర్టును చూస్తోంది. కౌంటర్ దగ్గరికొచ్చి, చెయ్యి చాపి నా టీషర్టు అంచు పట్టుకుంది.

"మా పోరనికి గూడ గిట్లాంటిదే ఉండె బిడ్డా. నీకెక్కడిది?"

"ఆళ్లే ఇచ్చిన్రమ్మా."

"ఆళ్లల్ల పాట పాడెటోడు నా కొడుకే."

ఏమనాలో తెలియక స్టూల్ జరిపాను. ఆమె కూర్చోలేదు. కొంగు ముడి విప్పి కాగితంలో చుట్టిన మెమరీ కార్డు తీసింది. "ఆని ఫోన్ పలిగిపోయింది. చిప్పు మంచిగనే ఉన్నదంటున్నరు. గీ నా ఫోన్ల వచ్చేటట్టు జేసియ్యి. ఎవలకిద్దామన్నా భయమైతుండె. నీ అంగి సూసి వచ్చిన. కూరగాయలు కొనుక్కోని ఇట్లనే వస్త."

దాన్ని నా టిఫిన్ డబ్బా మీద వేరుగా పెట్టాను. అది నాకు బాగా గుర్తు. శనివారం రష్. టేబుల్ మీద ఇంకో నాలుగు కార్డులు వరుసలో ఉన్నాయి. ఒక ఆటో అన్న, "జల్ది చెయ్యి చెల్లె, సవారీ ఎదురుసూస్తున్నది" అని నెత్తిమీద నిలబడ్డాడు. మా సేటు ఏదో వెతుకుతూ డబ్బా జరిపి, కార్డును వరుసలో పెట్టేశాడు. ఆయన తప్పని అనను. చూసుకోవాల్సింది నేను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అన్నిటికీ ఎస్, అన్నిటికీ ఫోల్డర్.

ఆమె వంకాయల సంచీతో తిరిగొచ్చింది. ఆమె ఫోన్‌లో కార్డు పెట్టి నొక్కాను. కొత్త సినిమాలో హీరో వచ్చే పాట షాపంతా మోగింది.

"ఇది గాదు బిడ్డా."

వరుసలో కలిసిపోయిన ఐదో కార్డు ఇదేనని అప్పుడు తెలిసింది. అయినా నోరు మాత్రం టక్కున అబద్ధం చెప్పింది. "కార్డు కాలిపోయిందమ్మా. లోపల ఏం లేకుండె. ఖాళీగ ఎందుకని నేనే పాటలేసిన."

ఆమె తిట్టలేదు. సంచీ కింద పెట్టి, "అందుల ఆడు నన్ను తిట్టింది ఉండె" అంది.

"తిట్టిందా?"

"ఇంట్ల పాట రికార్డు వెట్టుకున్నడు. నాకేమెరుక, తలుపు తీసి అన్నం తినురా అన్న. తలుపు ముయ్యవే అమ్మా, అంత ఖరాబ్ జేసినవ్ అన్నడు. గది గూడ వచ్చింది అందుల. ఇంగ నన్ను అమ్మా అన్నది గదొక్కటే మిగిలింది." కార్డు నా దగ్గరే వదిలి, పోతూ పోతూ మళ్లీ వెనక్కి తిరిగింది. "ఏడన్న దొరుకుతదా సూడు బిడ్డా. నీకు తెలిసినోళ్లుంటరు."

సోమవారం ఉప్పల్‌లో కార్డుల్లో పోయినవి బయటికి తీసే ఒకాయన దగ్గరికి ఆ కార్డు పట్టుకెళ్లాను. ఆయన ఓపిగ్గానే చూశాడు. "ఒట్టి ఫార్మాట్ అయితే తీస్తుంటి. నువ్వు పలక తుడిచి, మీదికెల్లి నిండా రాసినవ్. కిందిది ఎవడు సదువుతడు?" అన్నాడు.

గిర్ని అతన్ని బతిమాలి డ్రమ్ము వాయించే అబ్బాయి నంబరు తీసుకున్నాను. అతను ఊరు వదిలి ఎక్కడో కంపెనీలో పని చేస్తున్నాడు. "పాట ఉన్నది, పంపిస్త. గని ముంగట మాటలుండయి. నీట్‌గ ఉండాలని కట్ జేసినం, మా ముగ్గురి దగ్గర గూడ గదే ఉన్నది" అన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. అది విని అతను, "కట్ జేయనిది టీషర్టులు పంచిన దినం ఆడే బ్లూటూత్‌ల అందరికీ కొట్టిండు, నవ్వుకోనీకి. నీకు రాలేదా?" అన్నాడు.

రాలేదు. అప్పుడు నా ఫోన్‌కి బ్లూటూత్ లేదు.

"ఆ వచ్చినోళ్లంత ఎవరెవరు అన్నా?"

"ఏమో అక్కా. పేర్లు రాసుకోలే."

ముప్పై టీషర్టుల్లో బ్యాండ్ వాళ్లవి నాలుగు, నాదొకటి పోతే ఇరవై ఐదు. వాళ్లలో ఎవరి ఫోన్‌లోనో ఆ తిట్టు ఉండొచ్చు. ఆ గదిలో నేను అందరికంటే వెనక నిలబడ్డాను, ఎవరి మొహమూ గుర్తు లేదు. వాళ్లను నేను గుర్తుపట్టలేను కాబట్టి, వాళ్లే నన్ను గుర్తుపట్టాలి. అందుకే రోజూ ఆ టీషర్టు. సేటు దగ్గర పాత బ్లూటూత్ ఫోనొకటి తీసుకుని, షాపు తెరిచేలోపు ఉప్పల్ బస్టాప్‌లో, మూశాక రామంతాపూర్ షేర్ ఆటోల్లో, సెలవు రోజు అంబర్‌పేట్ మార్కెట్‌లో తిరిగాను. మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్వి పెట్టిన రోజులవి. బట్టలంతా దుమ్ము. ఎవరైనా నా ఛాతీ వంక చూస్తే సిగ్గుపడే పిల్లనే, ఇప్పుడు నేనే ఎదురెళ్లి "ఈ బొమ్మ ఎక్కడన్న సూసినవా అన్నా" అని అడిగేదాన్ని. ఒకడు, "నేను గూడ ఆ బ్యాండ్‌కు పెద్ద అభిమానిని" అని మూడు స్టాపులు వెంటపడ్డాడు. బొమ్మలో వెనక కట్టిందేంటో చెప్పమన్నాను. సిలిండర్ అన్నాడు.

ఒకరోజు రామంతాపూర్ ఆటోలో ఎదురుగా కూర్చున్న కాలేజీ అమ్మాయి, "అక్కా, మీరు గిర్ని మీద గదికి వచ్చేవారా?" అంది. మాటను బట్టి ఆంధ్రా వైపు అమ్మాయి.

ముందుకి వంగాను. "నీకున్నదా టీషర్టు? బ్లూటూత్‌ల వచ్చింది ఉన్నదా?"

"వాళ్లమ్మగారు అన్నం తినమంటే విసుక్కుంటాడు, అదేనా? ఉండేదక్కా. హాస్టల్లో భోజనం టైమ్‌కి అదే పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. బస్సులో నా ఫోన్ కొట్టేశారు."

"ఎవరికన్న పంపినవా?"

"లేదక్కా. ఎందుకు అలా అయిపోతున్నారు? అతను ఇంకోసారి చెప్తాడులెండి, అడగండి."

చెప్పాను. అతను లేడని విని ఆ అమ్మాయి తను దిగాల్సిన చోట దిగలేదు. ఉప్పల్ దాకా నాతోనే వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లే ఆటో ఎక్కింది.

ఆ తర్వాత వారం బోడుప్పల్‌లో, కడుతున్న అపార్ట్‌మెంట్ ముందు నుంచి ఆటో వెళ్తుంటే, గోడకి సిమెంటు కొడుతున్న మేస్త్రి వీపు కనపడింది. నల్ల టీషర్టు. అతను ఇటు తిరిగాడు. మోపెడ్, డ్రమ్ము. ఆటో ఆగకముందే దూకేశాను, మోకాలు దోక్కుపోయింది.

"అన్నా, ఈ టీషర్టు నీకెవరిచ్చిన్రు?"

పరంజీ కట్టెల మీద ఇద్దరు నవ్వుతున్నారు. "ఏంది మేస్త్రీ, నీకు జోడీ ఒచ్చింది. ఇద్దరిదీ ఒక్కటే డ్రెస్సు."

మేస్త్రి నవ్వలేదు. పాలమూరు మనిషి, వయసు మా నాయనంత ఉంటుంది. "పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేటామె దగ్గర కొన్న తల్లీ, పనిల ఏసుకోనీకి."

"నీ ఫోన్ల పాటలున్నయా?"

"ఫోనే లేదు." నా మొహం చూసి భయపడ్డాడు. "దొంగ సొమ్ము గాదమ్మా. నీదైతే తీస్కపో" అని విప్పబోయాడు. ఎడమ భుజం దగ్గర చిరుగు, దానికి ఆకుపచ్చ దారంతో కుట్లు.

"వద్దన్నా, నాకెందుకది" అని వచ్చేశాను. నాకు కావాల్సింది ఫోన్, గుడ్డ కాదు.

ఇక ఓపిక అయిపోయింది. డ్రమ్ము అబ్బాయి పంపిన పాట కార్డులో వేసుకుని ఆదివారం ఆ పాటగాడి తల్లి ఇంటికి వెళ్లాను. ఒక్క గది ఇల్లు. పాట మొత్తం విన్నది. "మంచిగ పాడిండు" అంది. మళ్లీ మొదటికి తిప్పమంది. రెండోసారీ అయిపోయాక, "నేనెప్పుడొస్త?" అంది.

"ఇందుల నువ్వు లేవమ్మా."

తల ఊపింది. నేనేదో తిరుగుతూనే ఉన్నానని చూపించుకోవాలనిపించి, గ్యాస్ తాత సంగతీ ఆటో అమ్మాయి సంగతీ చెప్పాను. మేస్త్రి టీషర్టు దగ్గరికి రాగానే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కుట్లు ఏ దారంతోని?"

"ఆకుపచ్చ. ఎడమ భుజం దగ్గర."

ఆమె లేచి, పొయ్యి పక్కన బోర్లించిన స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచొద్దన్నరు అందరు. పదకొండో దినం అన్ని మూట గట్టి దీనికిచ్చిన. ఆ కుట్లు నావే. నా చేతులతోని కుట్టి, నా చేతులతోనే ఇచ్చుకున్న. ఏ తల్లన్న ఇస్తదా?" అని నుదురు కొట్టుకుంది.

అప్పుడిక నా వల్ల కాలేదు. "అమ్మా, కార్డు కాలిపోలే. నేనే తుడిచేసిన. చూసుకోలే. భయపడి అబద్ధం చెప్పిన."

కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేదనుకున్నాను. ఆమె గిన్నె తీసి పక్కన పెట్టి, "మేస్త్రి ఏడ ఉంటడన్నవ్?" అంది.

వెంటనే బయల్దేరాం. బోడుప్పల్‌లో ఆ బిల్డింగ్‌కి పరంజీ విప్పేసి ఉంది. వాచ్‌మన్ భార్య బియ్యం ఏరుతూ, "పని అయిపోయె, మొన్ననే పోయిన్రు. ఊరికో, వేరే సైటుకో" అంది.

"నల్ల అంగి ఏసుకుంటుండె" అంది ఆ అబ్బాయి తల్లి.

"అందరి అంగీలు సిమెంటు గొట్టుకొనే ఉంటయమ్మా. నలుపేంది, తెలుపేంది."

చుట్టుపక్కల ఇంకో మూడు సైట్లు తిరిగాం. ఎక్కడా లేడు. విప్పి ఇస్తానంటే వద్దన్న మాట నా చెవుల్లో మోగుతూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఆమె నా పక్కనే కూర్చుంది. వేలితో నా ఎడమ భుజం దగ్గర తడిమింది. అక్కడ చిరుగూ లేదు, కుట్లూ లేవు.

"నాది తీసుకో అమ్మా. ఇంటికి పోయి విప్పిస్త."

"నీది నాకెందుకు?" అంది. నా మీద కోపం పోయిన గొంతు కాదది. ఉప్పల్ వచ్చేదాకా రోడ్డు వంకే చూసి, దిగేముందు మళ్లీ అంది. "నువ్వేసుకోని తిరుగు. గని దినాం ఉతకకు. బొమ్మ పోతది. బొమ్మ పోతే ఎవలు గుర్తువడ్తరు?"

మర్నాడు ఉతక్కుండానే తొడుక్కుని బస్టాప్‌లో నిలబడ్డాను.