పోశెట్టి గురువు అల్లిన చివరి జడ

పోయిన నెల చివరి ఆదివారం సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా కల్లు కాంపౌండులో జడ కోలాటం మొదలైంది. ఆరూ యాభైకి అల్లిక పూర్తయింది. ఏడు కాకముందే పోశెట్టి గురువు లేడు.

చూడనివారికి చెప్పాలి. పందిరి దూలానికి రంగురంగుల తాళ్లు వేలాడతాయి. ఆటగాళ్లు ఎడమ చేత తలా ఒక తాడు, కుడి చేత కోల పట్టుకుని ఒకరినొకరు దాటుకుంటూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. అదే దారిలో వెనక్కి ఆడితే విడుతుంది. ఆ రోజు అల్లిక కాగానే గురువు చెమట తుడుచుకుని, "ఇగ ఇప్పుదాం" అంటూ బల్ల మీద కూర్చున్నాడు. పాటకు వేసే తాళాలు చేతిలోనే ఉన్నాయి. ఆటగాళ్లు తాళ్లు వదలకుండా నిలబడ్డారు. వెంట ఆడే సాయిలు "గురువా, పాటెత్తు" అని రెండుసార్లు అడిగాడు. ఆయన కూర్చున్నాడంటేనే మాకు తెలియాల్సింది. నేను గల్లా దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను, నాకూ తెలియలేదు.

ఆయనకు కుదురుండేది కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్ల వరుసలో గంటల తరబడి ఆగాల్సి వస్తే బండి పట్టె మీద దరువు వేసేవాడు. ఇంట్లో భార్య గంగవ్వ బీడీలు చుడుతుంటే ఆమె చాట అంచు మీద వేళ్లాడించి తంబాకు చెదరగొట్టేవాడు. నిద్రలో కూడా కాళ్లాడిస్తాడని ఆమె నాతో తిట్టిపోసేది.

మేము కాంపౌండు పెట్టింది ఎనభై నాలుగులో. మొదటి వారమే వచ్చి, కల్లు అడగకుండా, "అక్కా, నీ దూలం గట్టిదేనా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు ఎక్కి వేలాడి చూశాడు. దిగాక ఒక్క షరతు పెట్టాడు. "జడ ఇప్పేదాక ఆడెటోళ్లకు సుక్క పొయ్యద్దు. నాగ్గూడ."

ఒకసారి వర్ని నుంచి వచ్చిన ఆయన బావమరిది, అల్లికకూ విప్పడానికీ నడుమ చాటుగా ఒక సీసా తాగి వచ్చాడు. గురువు జడ విప్పించాడు. మళ్లీ మొదటి నుంచి అల్లించి, మళ్లీ విప్పించాడు. అందరి నోళ్లూ ఎండిపోయాయి. ఆ పూట బావమరిదితో ఎవరూ మాట్లాడలేదు.

అల్లే పాట అందరికీ వచ్చు, దారిన పోయే పిల్లలకు కూడా. విప్పే పాట మాత్రం ఆయన ఒక్కడే పాడేవాడు. అప్పటికి మిగతావాళ్ల చూపు కల్లు కుండల మీద ఉండేది. ఆయన గొంతు వెంట కాళ్లు కదిలేవే గాని మాటలు ఎవరూ పట్టుకోలేదు. "అల్లంగ నా మొకం సూస్తరు, ఇప్పంగ కుండల మొకం సూస్తరు. నేను పోతె జడ గట్లనే ఉంటది సూడుండ్రి" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం.

జడ అట్లాగే ఉండిపోయింది. ఆటగాళ్లు రోజూ సాయంత్రం వచ్చి గోడ పక్కన కూర్చునేవారు. జడ వైపు చూసేవారు, లేచేవారు, మళ్లీ కూర్చునేవారు. జడ విడలేదు గనక ఎవరూ కల్లు అడగలేదు, నేనూ పోయలేదు. కోటగిరి నుంచి వచ్చిన ఒకాయన విసుగొచ్చి, చేతులతో విప్పితే అయిపోతుంది కదా అన్నాడు. సాయిలు తలెత్తకుండానే, "అది కాళ్లతోటి అల్లింది. కాళ్లతోటే ఇప్పాలె" అన్నాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక గంగవ్వను వెంటబెట్టుకుని అందరూ కాంపౌండుకు వచ్చారు. తాళ్లు పట్టుకున్నారు. సాయిలుకు ఒక చరణం గుర్తుంది. నాకు గల్లా దగ్గర చెవిన పడ్డది ఒకటి. గంగవ్వ ఇంట్లో విన్నవి రెండు అందించింది. కాళ్లు దారి పట్టాయి. జడ కింది నుంచి విడుతూ మనిషి ఎత్తు దాకా వచ్చింది. అక్కడ తర్వాతి మాట ఎవరికీ రాలేదు. ఒకరు కుడికి, ఒకరు ఎడమకు దాటారు. తాళ్లు ముడిపడ్డాయి.

అందరూ గంగవ్వ వైపు చూశారు. ఆమె చాలాసేపు పెదవులు కదిలించింది.

"ఇంట్ల గూడ గంతదాకనే పాడుతుండె" అంది చివరికి. "ఇగ సాలు, అన్నం సల్లారుతది, తిను అని నేనే ఆపుతుంటి."

సాయిలు తన తాడును మెల్లగా వదిలాడు. అందరూ కోలలు బల్ల మీద, గురువు కూర్చున్న చోట పెట్టి, నోరు తడుపుకోకుండానే వెళ్లిపోయారు.

పోయినవి ఇవి. ఒక మనిషి. విప్పే పాటలో వెనుక సగం. ఆదివారాల ఆట. ఆ ఆదివారం సాయంత్రం ఆయన కోసం పక్కన పెట్టిన ముంత కల్లు. పులిసిపోతే మర్నాడు నేనే పారబోశాను. జడ పోలేదు. దూలానికే ఉంది, సగం విడి.