శ్రీపతి రెండు శంకుస్థాపనలు

శ్రీపతికి కోపం తెప్పించాలంటే "మ్యాపు మ్యాపే కదండీ!" అంటే చాలు. అన్నవాడికి ఆ పూట భోజనం సమయానికి దొరికినట్టే! మెల్బోర్న్‌లో కాగితపు మ్యాపులను కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు ఆయనది. ఒక్కో మ్యాపు భూమిని కొలిచే ఒక్కో లెక్క ప్రకారం గీసి ఉంటుంది. అది చూసుకోకుండా ఒకదాని మీద ఒకటి పరిచారో, రోడ్డు పోయి చెరువులో పడుతుంది. "ముందు ఏ లెక్కో అడగండి బాబూ!" అని కొత్తగా చేరినవాళ్ళ చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

అలాంటి మనిషి 1991లో ఊరి చివర, ఒక పశువుల ఫారం విడగొట్టి అమ్ముతుంటే ఇంటిస్థలం కొన్నాడు. ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళు మారిన భార్య కాత్యాయని సంబరం అంతా ఇంతా కాదు. శంకుస్థాపనకు ముహూర్తం ఆవిడే పెట్టించింది. అది దాటితే మళ్ళీ నెలల దాకా మంచి రోజు లేదట.

"ఏవండీ, ఒకసారి వెళ్ళి మన హద్దులకు కొట్టిన సర్వే మేకులు చూసి రాకూడదూ? కంచె కూడా లేదాయె, అంతా ఒకేలా గడ్డి!"

"ఆ గడ్డిలో మేకులు ఎవడు వెతుకుతాడే! మనం ఎక్కడున్నామో చెప్పే కొత్త శాటిలైట్ రిసీవర్ ఆఫీసులో ఉంది. స్థలం ప్లానులో చోటు తెలిపే అంకెలు చూసుకుని నడిస్తే మన ఈశాన్య మూల అదే చూపిస్తుంది."

ఆ ఉదయం రిసీవర్ పట్టుకుని పెళ్ళికొడుకులా ముందు నడిచాడు. వెనక కలశంతో కాత్యాయని, ఆ వెనక మంత్రాలు చదవడానికి ఒప్పుకున్న స్నేహితుడు డాక్టర్ అచ్యుత్. రిసీవర్ ఆగమన్నచోట గుంట తవ్వి నవధాన్యాలు పోశారు. ముహూర్తం దగ్గరపడుతోంది. అంతలో ఆవుల మధ్య నుంచి పక్క రైతు స్టీవ్ వచ్చాడు.

"గుడ్ డే మేట్! నా పొలంలో ఏం పండిస్తున్నారు?"

శ్రీపతి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ప్లానేమో ఆస్ట్రేలియా పాత లెక్కలోది, రిసీవరేమో ఉపగ్రహాల లెక్కలోది! అంకెలు అవే అయినా చోటు వేరు. ఈ దేశంలో రెంటికీ తేడా సుమారు రెండు వందల మీటర్లు. లోకమంతటికీ చెప్పే పాఠం సొంత గడ్డ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇప్పుడెలాగండీ? టైం అయిపోతోంది!" కాత్యాయని కలశం ఎత్తుకుని చుట్టూ చూసింది.

ఆ మాట వినగానే ఆయన బుర్ర కదిలింది. తేడా ఎంతో, ఎటో రోజూ సరిచేసే పనే కదా!

"మన మూల ఇక్కణ్ణుంచి ఎటుందో తెలుసా? సరిగ్గా ఈశాన్యానికే! పద, పద!"

ఇక చూడాలి ఆ ఊరేగింపు! అచ్యుత్ పంచె ఎగ్గట్టాడు. "నేనూ వస్తా" అంటూ స్టీవ్ గునపం, కొబ్బరికాయలు అందుకున్నాడు. ఏమనుకున్నాయో గానీ ఆవులూ వెంటపడ్డాయి. గడ్డిలో సర్వే మేకు శ్రీపతి బొటనవేలికే తగిలింది. "అబ్బా, దొరికిందే!" అని ఒంటికాలి మీద గెంతాడు. స్టీవ్ నాలుగు పోట్లలో గుంట తీశాడు. ముహూర్తం దాటకుండానే కొబ్బరికాయ కొట్టారు. కాత్యాయని ఏడుస్తూనే నవ్వింది.

మూడు వారాలకు స్టీవ్ మట్టితో సహా గుప్పెడు మొక్కలు పెళ్ళగించి తెచ్చాడు. పెసలు, మినుములు, అలసందలు!

"మీ మొదటి ఇల్లు మొలిచింది. మిగతాది మా ఆవులు తినేశాయి, సారీ!"

కాత్యాయని పగలబడి నవ్వి, ఆ మొక్కలు మొగుడి చేతిలో పెట్టింది.

"మన మూలలో నాటి రండి. ముందు ఏ లెక్కో అడగండి బాబూ!"