సబ్బు తగిలిన సీసాలు

కాలేజీ భూగోళశాస్త్ర విభాగంలో అటెండరుగా ఉన్న ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆమె సీసాలక్కే. పిల్లలు వాగు నీళ్లు పరీక్షించడానికి వెళ్లిన ప్రతిసారీ సీసాలు కడిగి, పెట్టెలో సర్ది, మళ్లీ భద్రంగా వెనక్కి తెచ్చేది ఆమే. ఇరవై రెండేళ్లలో ఒక్క సీసా పగల్లేదు, ఒక్క మూత పోలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది.

వాగు దగ్గర ఆమె హడావిడి చూసి తీరాలి. లెక్చరర్ మేడమ్ ఒడ్డున పాఠం చెబుతుంటే ఈవిడ రబ్బరు బూట్లతో నీళ్లలోకి దిగిపోయేది.

"నీళ్లు వచ్చేవైపు మొహం పెట్టి నిలబడండి. మీ కాళ్లు కడిగిన నీళ్లు నాకెందుకు? ముందు వాగు నీళ్లతో సీసా మూడుసార్లు తొలవండి, తర్వాతే పట్టండి. ఒరేయ్ కళ్లజోడూ, మూతలో వేలు పెట్టకు!"

ఈసారి మబ్బు పట్టింది. పిల్లలకు తొందర పుట్టింది. మూడుసార్లు తొలవమంటే ఒక్కసారి తొలిచి మమ అనిపించారు. ఆమె చూసి కూడా, పోనీలే తడిసిపోతారు అనుకుని ఊరుకుంది.

ల్యాబుకు తిరిగొచ్చి నీళ్లలో మందు కలిపారు. సబ్బుల్లో ఉండే ఫాస్ఫేటు నీళ్లలో ఉంటే రంగు నీలంగా మారుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. వాగు ఒడ్డునున్న లాండ్రీ దాటాక పట్టిన సీసా సిరాబుడ్డిలా తయారైంది.

"మేడమ్, లాండ్రీవాళ్లు దొరికిపోయారు!" అని ఒక పొడుగమ్మాయి గంతేసింది.

"సోమవారం పురపాలక ఆఫీసుకి రిపోర్టు పంపుదాం. పోయినేడు బట్టలకు రంగులద్దే షెడ్డుని ఇలాగే మూయించారు" అన్నారు మేడమ్.

సీసాలక్క తుడుస్తున్న సీసాని బల్ల మీద పెట్టేసింది. ఆ లాండ్రీలో ఇస్త్రీ చేసేది ఆమె సొంత చెల్లెలే. భర్త పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ ఇస్త్రీపెట్టె మీదే పెంచుతోంది.

పిల్లలంతా ముదురు నీలం సీసా చుట్టూ మూగి ఉన్నారు. లాండ్రీకి ఎగువన పట్టిన సీసా కూడా నీలంగా ఉందని గమనించింది సీసాలక్క ఒక్కతే. లాండ్రీకి పైన సబ్బెక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఏడు వచ్చిన కొత్త సీసాల మీద లేబుళ్ల జిగురు ఎంత గోకినా వదల్లేదు. చిరాకెత్తి, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి తళతళలాడేలా తోమింది. ఈ సీసాలకు సబ్బు తగలకూడదని సింకు పైన కాగితం అంటించి ఉంది. అది రాసింది కూడా తనే.

నోరు మూసుకుంటే చెల్లెలి పని పోతుంది. నోరు విప్పితే ఇరవై రెండేళ్ల పరువు పోతుంది. పరువు తనదే కాబట్టి పోతే పోనీ అనుకుంది. లాండ్రీ తప్పేం లేదని తేలిపోతుందన్న సంబరం కూడా లోపల లేకపోలేదు.

అదే పెట్టెలోంచి వాడని సీసా తీసి, ల్యాబులోని శుద్ధమైన నీళ్లు పోసింది. "దీనికీ మందు వెయ్యండి మేడమ్."

అవీ నీలమైపోయాయి.

"సబ్బు నా సీసాల్లో ఉంది. నేనే తోమాను" అంది. చెవులు ఎర్రబడ్డాయి. మేడమ్ నలుగురి ముందూ గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఆమె తలొంచుకుని విన్నది.

మర్నాడు వేడినీళ్లతో పదేసిసార్లు కడిగిన సీసాలతో మళ్లీ వెళ్లారు. ఈసారి ఎగువ నీళ్లకు రంగే రాలేదు. సీసాలక్క ముసిముసిగా నవ్వుకుంది. దిగువ సీసా కూడా కాసేపు తెల్లగానే ఉంది. తర్వాత మెల్లగా నీలం ఎక్కడం మొదలైంది. నిన్నటంత కాదు గానీ, నీలమే.

నీలం ఎంత ముదిరిందో పోల్చి చూసే గడుల కార్డుని మేడమ్ ఆమె చేతికిచ్చారు. "మీరే చదవండి. ఇప్పుడు మీ మాట నమ్ముతాను."

మూడో గడి దాకా ఫరవాలేదు, నాలుగైతే రిపోర్టు వెళ్లాల్సిందే. ఆమె సీసాని కిటికీ దగ్గర పెట్టి చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. "నాలుగు" అంది.

సాయంత్రం తిన్నగా చెల్లెలింటికి వెళ్లింది. సబ్బుపొడి కథ అప్పటికే అక్కడికి చేరిపోయింది. చెల్లెలు నవ్వుతూ ఎదురొచ్చింది.

"నీ సీసాలదేనటగా తప్పంతా! మమ్మల్ని బతికించావే అక్కా!"

"ఇవాళ సీసాలు బాగానే కడిగానే" అంది సీసాలక్క.

చెల్లెలికి అర్థమవడానికి కాసేపు పట్టింది. "చదివిందెవరు?"

"నేనే. మూడు దాటి నాలుగో గడికొచ్చింది. చెప్పులేసుకో, మీ ఓనరు దగ్గరికి వెళ్దాం. సోమవారంలోగా ఆ సబ్బునీళ్ల గొట్టం వాగులోంచి తీయించమందాం."

"ఒక్క గడి తగ్గించి చెప్పలేకపోయావా?"

"చెబుదామనే అనుకున్నానే. నోరు రాలేదు."

చెల్లెలు అక్కని ఎగాదిగా చూసింది. లోపలికెళ్లి చెప్పులేసుకుని వచ్చింది.