పొట్ట దగ్గర బిగుతైన కోటు

మా మేనమామ దర్జీ. అత్త పోయాక ఆయన మాట్లాడేది ఇద్దరితోనే: నాతో, అత్త పెంచిన పిల్లితో. నేను వారానికోసారి వెళ్లేదాన్ని, అదీ చీవాట్లు పెట్టడానికే. మిగతా రోజులన్నీ పిల్లితోనే కాపురం. పదమూడేళ్ల ముసలిది. దాని టెక్కు చూసి అత్త దొరసాని అని పేరు పెట్టింది. ఏ చొక్కాకి ఏ రంగు బొత్తాం కుట్టాలో మామయ్య దాన్నే అడిగేవాడు.

ఏటా చలికి దానికి ఉన్ని కోటు తొడగడం ఆయనకి అలవాటు. ఈసారి పొట్ట దగ్గర పట్టలేదు. ముసలితనంలో ఒళ్లు చేసిందని మురిసిపోయి, పక్క కుట్లు విప్పి వదులు చేశాడు. నాలుగు రోజులకే మళ్లీ విప్పాడు. నేను వెళ్లేసరికి దొరసాని మిషను కింద ముడుచుకుని ఉంది. గిన్నెలో తిండి ఎండిపోయింది. వీపు నిమిరితే ఎముకలు చేతికి తగిలాయి, పొట్ట మాత్రం ఉబ్బి బిగుసుకుపోయింది. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు చేసిన పిల్లికి వెన్నెముక తేలుతుందా అని అరిచి, దాన్ని బుట్టలో పెట్టి, ఆయన్ని కూడా ఆస్పత్రికి లాక్కెళ్లాను.

పశువుల డాక్టరమ్మ పొట్ట తడిమింది, స్కాన్ చేసింది, సూదితో కాస్త నీరు లాగింది. అది మడ్డిగా వచ్చింది. పేగుకి చిల్లుపడి కడుపంతా చీము పట్టిందని తేల్చింది. ముసలి పిల్లులు నొప్పి బయటపెట్టవట, ఒక్కోసారి జ్వరం కూడా రాదట. సెలైనూ యాంటీబయాటిక్కూ ఎక్కించి, కోసి లోపల కడగాలంది. బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేనంది.

బయట బల్ల మీద మామయ్య కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇదీ పోతే ఆ గదిలో ఆయనకి మిషను చప్పుడే గతి. విప్పిన కుట్ల మీద వేలు రాస్తూ అన్నాడు.

"మీ అత్త గౌన్లకీ ఇలాగే కుట్లు విప్పానమ్మా. లావెక్కావని ఏడిపించాను కూడా."

అత్త కడుపులో గడ్డతో పోయింది.

దొరసాని గట్టి పిండం, బతికింది. పొట్ట మీద కుట్లతో, సగం ఒళ్లుతో ఇంటికొచ్చింది. మామయ్య కోటుని మళ్లీ లోపలికి కుట్టాడు.

ఆ మధ్య నా గౌను బిగుతైందని తీసుకెళ్లాను. మామయ్య టేపు కూడా తియ్యలేదు. తిండి ఎక్కువైందంతే అని నేను నవ్వినా ఆయన నవ్వలేదు.

"ముందు డాక్టరుకి చూపించుకో. ఆ తర్వాతే విప్పుతాను."

దేనికైనా గొడవకి దిగే నేను, నోరెత్తకుండా వెళ్లి చూపించుకున్నాను.