మామిడితోపులో పడిన రాయి, మా బావ

నిన్న పొద్దున శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడు తిరుపతిలో మా వీధి మొత్తం మిద్దెలెక్కింది. తూర్పు దిక్కున సన్నటి తెల్లగీత పైకి సాగుతుంటే, పక్కింటాయన దాన్ని వదిలేసి నా వైపు తిరిగి అడిగాడు, "మీ బావ పంపించిందేనా సార్ అది?" మా బావ రాకెట్లు పంపడు. ఆయనది రాళ్ళ పని. ఉల్కలు, చంద్రుడి రాళ్ళు, గ్రహశకలాల నుంచి తెచ్చిన చిటికెడు ధూళి, వీటిని పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, అవి ఎప్పుడు పుట్టాయో, ఏ వేడికి కరిగాయో చెబుతాడు. ఈ సంగతి పక్కింటాయనకు ఎన్నోసార్లు చెప్పాను. ఆకాశంలో ఏది కదిలినా మా వీధికి అది మా బావదే. కిందికి దిగేసరికి మా ఆవిడ టీవీ ముందు కూర్చుని ఉంది. "మా అన్న మాట్లాడతాండాడు, సప్పుడు సెయ్యొద్దు" అంది. నేను చెప్పులు విడుస్తున్నాను, అంతే.

నాకు మా బావంటే కుళ్ళు. ఆయన మొహాన ఎప్పుడూ అనలేదు గానీ, ఉన్నమాట అది. మేమిద్దరం తిరుపతిలో ఒకే బెంచీ మీద భూగర్భశాస్త్రం చదువుకున్నాం. అప్పటికి ఆయన బావ కాదు, స్నేహితుడు. చంద్రగిరి గుట్టలకు తీసుకుపోతే, రాయి చేతిలోకి రాగానే దాని పేరు చెప్పేవాణ్ణి నేను. "ఒరే, ఇదేం రాయిరా" అని అడిగేవాడు ఆయన. తర్వాత నేను చిత్తూరు దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరి జనాల వంటగట్లకు నునుపు తెచ్చాను. ఆయన ఉత్తరాదికి వెళ్ళి ఆకాశపు రాళ్ళు పట్టుకున్నాడు. ఈ నడుమ ఆయన చెల్లెల్ని నేను చేసుకున్నాను. చెల్లెలు మా ఇంటికి వచ్చింది కానీ, ఆమె గర్వం మాత్రం వాళ్ళన్న దగ్గరే ఉండిపోయింది. నేను తెచ్చి వేయించిన నల్లగ్రానైట్ గట్టు మీదే వంకాయలు తరుగుతూ, చంద్రుడి రాళ్ళ గురించి ఎదురింటావిడకు చెబుతుంది. ఆ గట్టును ఒక్కసారైనా మెచ్చుకున్న పాపాన పోలేదు.

అలాంటిది, కొన్నేళ్ళ కిందట ఆకాశానికే నా మీద దయ కలిగింది. వడమాలపేట దగ్గర మా మామిడితోపులో ఒక సాయంత్రం ఒక్కణ్ణే కాపు చూసుకుంటున్నాను. మబ్బు లేకుండానే ఉరిమింది. గుయ్యిమని చప్పుడు, ఒక కొమ్మ విరిగింది, దబ్బుమని ఏదో నేలలో దిగింది. వెళ్ళి చూస్తే దుక్కిలో గుంట, అందులో కొబ్బరికాయంత రాయి, పాలు మాడిన గిన్నె అడుగులా నల్లగా ఉంది. నా పాత చదువంతా ఒక్కసారి లేచి కూర్చుంది. ఉల్క. కండువాలో చుట్టి ఇంటికి తెచ్చి, మా ఆవిడ ముందే స్పీకర్ పెట్టి బావకు ఫోన్ చేశాను. "దాన్నింక ఎవురూ ముట్టుకోవద్దండి. నేను వస్తాండా" అన్నాడు. అప్పుడు మా ఆవిడ నన్ను చూసిన చూపు కోసం పెళ్ళైన నాటి నుంచి ఎదురుచూశాను.

అయితే ముట్టుకోవద్దన్న మాట మా అమ్మదాకా పోలేదు. పైనుంచి పడింది కాబట్టి దేవుడిదేనని ఆమె రాయిని పూజగూట్లో పెట్టింది. మరునాడు శుక్రవారం. దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండు, ఇటుకపొడి వేసి తోమి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టింది. బావ వచ్చి బ్యాగు దించేసరికి రాయి బూడిదరంగులో తళతళలాడుతోంది. గాలిలో కాలినప్పుడు కట్టే నల్లటి పెంకు, అది నిన్నమొన్న పడిందనడానికి గుర్తు, చాలావరకు అంట్లు తోమే జాలాడిలో కొట్టుకుపోయింది. "పెద్దోళ్ళు సూడ్డానికి వస్తాంటే మసి మసిగా ఉంటే ఏం బాగుంటాది నాయనా, అందుకే తోమినా" అంది అమ్మ, ఆయన మెచ్చుకుంటాడని.

నా రాయి పాడయిందన్న దిగులు ఒకవైపు ఉన్నా, చెల్లెలి ముందు ఈయన ఒక్కసారైనా అరుస్తాడని ఆశగా చూశాను. ఆయన రాయిని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "లోపల ఏం సెడిపోయుండదులే అత్తా. ముందు సంగటి పెట్టు" అన్నాడు. అమ్మ కూడా ఆయన పక్షంలో చేరిపోయింది. ఆ మంచితనమే నాకు ఇంకా మంట.

సంగటి ముద్ద తుంచుతూ అడిగాడు. "పడేటప్పుడు నువ్వు ఆడనే ఉండావా?"

"ఆడనే ఉండా."

"ముట్టుకుంటే కాలినాదా?"

"లేదు బావా, సల్లగా ఉన్నింది. టపాకాయలు కాల్చిన వాసన."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "ముప్పై ఏండ్లుగా ఇదే పని నాది. చంద్రుడి రాయిని ఒట్టి సేత్తో ముట్టింది లేదప్పా, అద్దాల పెట్టెలోకి తొడుగులేసుకోని పట్టుకునేదే. ఒక్క రాయన్నా పడతాంటే సూసింది లేదు. నిన్ను సూస్తే కుళ్ళుగా ఉండాది నాకు." ఆ మాట అనేసి, ఊరిబిండి పచ్చడి ఇంకాస్త వేయించుకున్నాడు.

సంతోషపడాల్సిన మాటే. కానీ నేను ఇన్నేళ్ళు నాలుక కింద దాచుకున్న మాటను ఆయన ముద్దకూ ముద్దకూ నడుమ, చెల్లెలి ముందే, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా అనేశాడు. మా ఆవిడ ఎప్పటిలాగే వాళ్ళన్న వైపు మురిపెంగా చూసింది. కుళ్ళుకోవడంలో కూడా ఆయనే ముందు.

రాయిని పరిశోధనకు తీసుకుపోయారు. పడిన ఊరి పేరే దానికి పెడతారట, నా పేరూ కాదు, ఆయన పేరూ కాదు. వయసు నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళని బావ ఫోన్లో చెబితే, "ఇంతకాలం యాడుండెనంట?" అని అడిగింది అమ్మ.

నిన్న సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "మిద్దె మీద నుంచి సూసినావా? ఎట్టుండె? నేను టీవీ వాళ్ళ గదిలో ఇరుక్కోనుంటి, ఆకాశమే కనపడలా" అన్నాడు. తెల్లగీత ఎలా వంగిందో, ఎంతసేపు నిలిచిందో అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. చివర్లో, బావా, నాకూ నువ్వంటే కుళ్ళేనప్పా అని నోటిదాకా వచ్చింది. "టీవీలో బాగా మాట్లాడినావు" అని పెట్టేశాను. అన్ని కోట్ల ఏళ్ళు తిరిగిన రాయి చివరికి దిగాల్సిన చోట దిగింది. ఒక చిన్న మాట నా పెదవి దాటడానికి ఈ జీవితకాలం సరిపోయేలా లేదు.